నలభై ఒకటో నంబరు రాయి

ఆ ఊళ్లో కుళాయి పైపు కోసం గొయ్యి తవ్వితే రెండడుగుల లోతులో ఎవడో ఒక రాజు తగులుతాడు. తగిలింది రాజని తెలియగానే జనం చప్పుడు చెయ్యకుండా పూడ్చేసి, పైపుని పక్కనుంచి వంకరగా వేసుకుంటారు. ఆఫీసుకి చెబితే రాజు బయటికొస్తాడు గానీ నీళ్లు రావు. అంత పాత ఊరు. అలా పూడ్చడానికి వీల్లేక పట్టుబడిపోయిన రాజులు, కుండలు, ముక్కుల్లేని విగ్రహాలు అన్నీ కలిసి ఒకే వీధిలో మూడు మ్యూజియాలయ్యాయి. వీధి మొదట్లో చరిత్రది, మధ్యలో చిత్రకళది, చివర పురావస్తువులది.

ఒక్క టికెట్టుతో మూడూ చూడొచ్చు. చిక్కంతా అక్కడే. బస్సు దిగిన జనం మొదటిదాంట్లో గోడమీది ప్రతి అక్షరం చదువుతారు. రెండోదాంట్లో బొమ్మలు చూసి ఊరుకుంటారు. మూడోదానికి వచ్చేసరికి కాళ్లు పీకుతుంటాయి కాబట్టి కుర్చీలు ఎక్కడున్నాయో చూస్తారు. ఆ మూడోదాంట్లో చిట్టచివరిది అయిదో గది. ఎందుకు పనికొచ్చేవో ఏ పండితుడికీ అంతుపట్టని వస్తువులన్నీ అక్కడ చేరాయి. ప్రతిదాని కింద ఒకటే మాట: 'వాడకం తెలియదు.'

ఆ గదికి ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఒకడే అటెండరు. ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతాల రిజిస్టర్లో భద్రంగా ఉంది. ఎవరూ వాడరు. వీధి వీధంతటికీ ఆయన 'ముట్టుకోవద్దు మామ'. రోజుకి రెండువందల సార్లు ఆ ఒక్క మాటే అని అని, మనిషి గొంతు కూడా ఆ మాటకి తగ్గట్టే తయారైంది. బజారుకెళితే వంకాయలు ఏరుతున్న పరాయి ఆడవాళ్లు కూడా ఆయన దగ్గితే చెయ్యి వెనక్కి లాక్కునేవాళ్లు.

మామకి చదువు పెద్దగా లేదు, జనాన్ని మాత్రం బాగా చదివాడు. మనుషులు వస్తువుని చూడరు. లేబులు చదివి, చదివింది నిజమేనా అన్నట్టు వస్తువు వైపు ఒక్క క్షణం తలెత్తి, పక్కదానికి పోతారు. లేబులు తీసేస్తే గది ఖాళీగా ఉందనుకుంటారు. ఈ ఒక్క జ్ఞానం మీదే ఆయన ఉద్యోగమంతా నడిచింది. ఎందుకంటే ఆ గదిలో నలభై ఒకటో నంబరు వస్తువు ప్రాచీనమూ కాదు, వింతా కాదు. ఆయన భార్య పొత్రం. రోట్లో వేసి నూరుకునే మామూలు రాయి.

అది అక్కడికి చేరిన వైనం ఇది.

ఉద్యోగంలో చేరిన మొదటివారం, రిటైరవుతున్న పెద్దాయన దగ్గర గది చార్జి తీసుకుంటున్నాడు మామ. జాబితాలో నంబరు చదవడం, వస్తువు చూడటం, టిక్కు పెట్టడం. నలభై దాకా వచ్చారు. ఆపైన జాబితాలో 'రాతి పనిముట్టు, ఒకటి, వాడకం తెలియదు' అని ఉంది. బల్లమీద ఏమీ లేదు.

"నలభై ఒకటేదండీ?"

"లేదు."

"లేదంటే?"

"లేదంటే లేదయ్యా. నేను చేరేనాటికే లేదు."

"మరి ఇన్నేళ్లూ తనిఖీలు ఎలా జరిగాయండీ?"

"మా ఇంటిది పెట్టాను. నిన్న పట్టుకుపోయాను. మా ఆవిడ పాతికేళ్లుగా నా ప్రాణం తీస్తోంది. నువ్వూ ఏదో ఒకటి చూసుకో. రాయై ఉండాలి, చేతిలో ఇమడాలి. అంతకుమించి అదేమిటో ఈ కాగితానిక్కూడా తెలీదు."

"పోయిందని రాసిచ్చేస్తే?"

పెద్దాయన జాలిగా చూశాడు. "పోయిన వస్తువులకి ఫారం ఉంది బాబూ. ఎవరి కాలంలో పోయింది అని అందులో ఒక గడి. ఫారం నింపేవాడి పేరే ఆ గడిలో రాయాలి. రాస్తావా?"

మామ రాయలేదు. పెళ్లయి ఎనిమిది నెలలు. దొరక్క దొరక్క దొరికిన ఉద్యోగం. తనిఖీ ఎల్లుండి. ఇంటికెళ్లి భార్య కాళ్లావేళ్లా పడ్డాడు.

"రెండ్రోజులే. తనిఖీ అవగానే తెచ్చేస్తా."

"అది మా అమ్మది. నలభై ఏళ్లు ఆవిడ చేతిలో అరిగింది. మీ మ్యూజియంలో ఒక్క రాయి లేకపోతే మా అమ్మది కావాల్సొచ్చిందా?"

"రెండ్రోజులే!"

ఆవిడ ఒప్పుకుంది. నంబరు వెయ్యడానికి తన గోళ్ల రంగు సీసా కూడా ఆవిడే ఇచ్చింది. ఎర్రటి రంగుతో రాయి అడుగున '41' అని రాసి, ఊది ఊది ఆరబెట్టి, అన్నం క్యారియరు సంచిలో పెట్టుకుని పోయాడు మామ.

తనిఖీ కమిటీలో అయిదుగురు. అయిదుగురూ మగవాళ్లే. అందరూ పెద్ద చదువులవాళ్లు. ఒక్కడూ జన్మలో వంటింటి గడప దాటి లోపలికెళ్లిన పాపాన పోలేదు. వాళ్లలో ముఖ్యుడు రాయి చేతిలోకి తీసుకుని, చెంపకి ఆనించి చూసుకుని, "ఈ నునుపు చూశారా! ఎన్ని తరాల పనితనమో" అన్నాడు. అంతటితో పోతే బాగుండేది. "ఇంత మంచి వస్తువుని మూల పడేశారేం?" అని కేకలేసి, గది మధ్య దిమ్మ మీద పెట్టించి, ఎదురుగా గోడకి దాని ఫొటో కూడా తగిలించమన్నాడు.

రెండ్రోజులు ముప్ఫై ఒక్క ఏళ్లయ్యాయి.

ఈ ముప్ఫై ఒక్క ఏళ్లలో ఇంటికి మిక్సీలు నాలుగొచ్చాయి. ఆవిడకి ఒక్కటీ నచ్చలేదు. "ఇందులో వెల్లుల్లి తెగుతుంది గానీ నలగదు" అనేది. కాపురమన్నాక గొడవలుంటాయి. మామ ఇంట్లో ఏ గొడవ ఎక్కడ మొదలైనా రాయి దగ్గరే ఆగేది. ఉప్పు ఎక్కువైందంటే రాయి. కూతురి పెళ్లికి ఎవర్ని పిలవాలన్నా రాయి. ఆవిడ ఒట్టు కూడా పెట్టుకుంది: రాయి ఇంటికొచ్చేదాకా మ్యూజియం గుమ్మం తొక్కనని.

గదిలో మామ గుండె దడదడలాడేది ఆడవాళ్లు వచ్చినప్పుడే. మగవాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని లేబులు చదివి పోయేవాళ్లు. ఆడవాళ్లు మాత్రం దిమ్మ దగ్గర ఆగి, చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని కిసుక్కున నవ్వేవాళ్లు.

"పొత్రంలా లేదూ?" అనేది భార్య.

"వాడకం తెలియదని రాశారు కదే, చదువు" అనేవాడు భర్త.

అంతే. ముప్ఫై ఒక్క ఏళ్లు మామని కాపాడింది ఈ భర్తలే.

రిటైర్మెంటుకి ఏడాది ఉందనగా పరిశోధకుడొచ్చాడు. సన్నటి మనిషి, మెడలో భూతద్దం, అన్నం తినడం మర్చిపోయే రకం. పది నెలలపాటు మ్యూజియం పాత పుస్తకాలన్నీ తిరగేసి, నలభై ఒకటో నంబరు ఫొటోలు మూడు సంపాదించాడు. అరవై ఏళ్ల కిందటిదాంట్లో రాయి దోసకాయలా పొడుగ్గా ఉంది. నలభై ఏళ్ల కిందటిదాంట్లో గుండ్రంగా ఉంది. ఇప్పుడేమో అడుగు చదునుగా, పైన బుడిపెతో ఉంది. బుర్రున్నవాడెవడైనా ఇవి మూడు వేర్వేరు రాళ్లని అంటాడు. ఈయనకి బుర్ర మరీ ఎక్కువ. రిజిస్టరు ఒకటే, నంబరు ఒకటే, మధ్యలో పోయినట్టు ఫారం లేదు. కాబట్టి రాయి ఒకటే. కాబట్టి అది మెల్లమెల్లగా ఆకారం మార్చుకుంటోంది.

పై ఊళ్లనుంచి పెద్దలందరినీ పిలిచి, హాల్లో తెరకట్టి ఉపన్యాసమిచ్చాడు. మూడు ఫొటోలూ వరసగా తెర మీదికొచ్చాయి. జనం చప్పట్లు కొట్టారు. వెనక వరసలో నిలబడ్డ మామకి మాత్రం తెర మీద మూడు వంటిళ్లు కనిపించాయి. మధ్యది పెద్దాయన ఇంటిది. మొదటిది ఆయనకంటే ముందున్నవాడి ఇంటిదై ఉంటుంది. అసలు నలభై ఒకటి అనేది ఈ భూమ్మీద ఎప్పుడైనా ఉందా అని మొదటిసారి మామకి అనుమానమొచ్చింది.

చప్పట్ల ఫలితం నెల తిరక్కుండానే వచ్చింది. రాయికి గాజు పెట్టె. పెట్టెకి రెండు తాళాలు, ఒకటి మామ దగ్గర, రెండోది క్యూరేటరు దగ్గర. పైన దీపం, కింద మఖమలు గుడ్డ. మ్యూజియం మొత్తానికి ఒక్క ఫ్యానుంటే, ఆ పెట్టెకి చల్లగాలి గొట్టం విడిగా.

ఆ రోజు ఇంటికెళ్లి చెప్పడానికి నీళ్లు నమిలాడు మామ. ఆవిడ అట్లకాడ పట్టుకునే వింది.

"గాజు పెట్టెలోనా?"

"తాళం కూడా వేశారే."

"ఇంకో పదిహేను రోజుల్లో మీరు దిగిపోతున్నారు. ఆ తర్వాత ఆ గదిలోకి ఎలా పోతారు? టికెట్టు కొనుక్కునా?"

నిజం చెబితే పెన్షను కాగితం ఆగిపోతుంది. చెప్పకపోతే రాయి అక్కడే ఉండిపోతుంది. మొన్నటిదాకా ఆయన అనుకున్నదల్లా ఆఖరిరోజు సంచిలో వేసుకొచ్చేద్దామనే.

మర్నాడు ఆవిడ ఒట్టు తీసి గట్టున పెట్టింది. క్యూలో నిలబడి టికెట్టు కొనుక్కుని, మొదటి రెండు మ్యూజియాల మొహం కూడా చూడకుండా తిన్నగా మూడోదాంట్లో అయిదో గదికి వచ్చింది. గాజు పెట్టె ముందు నిలబడింది. మామ ఒక మూల నిలబడి, ఆవిణ్ణి ఎరగనట్టు పైకప్పు చూస్తున్నాడు.

ఆవిడ లేబులు పైకే చదివింది.

"'అడుగున ఎర్రటి ప్రాచీన వర్ణం ఆనవాళ్లు.' నా గోళ్ల రంగు! 'అంచున ఉన్న పెచ్చు బలమైన తాకిడి వల్ల ఏర్పడింది. కోపావేశంలో శత్రువుపై విసిరి ఉండవచ్చు.'"

ఇక్కడ ఆగి, మామ వైపు చూసింది. పెళ్లయిన అయిదో నెలలో, ఆయన నోరుజారి ఏదో అన్నప్పుడు ఆ రాయి ఆయన చెవి పక్కనుంచి దూసుకెళ్లి గోడకి తగిలింది. మ్యూజియం మొత్తంలో నిఖార్సైన నిజం ఏదైనా ఉందంటే ఆ వాక్యమొక్కటే.

"'వాడకం తెలియదు,'" అని ముగించింది. "వాడకం తెలియదట. నన్నడిగితే చెప్పేదాన్ని కదా."

సరిగ్గా అప్పుడే క్యూరేటరు వచ్చాడు. మెత్తటి మనిషి, మెత్తటి చెప్పులు. "అమ్మా, పచ్చ గీత దాటకండి."

"ఇది పొత్రమండీ" అంది ఆవిడ.

క్యూరేటరు ముసిముసిగా నవ్వాడు. "చాలామంది ఆడవాళ్లు అలాగే అనుకుంటారమ్మా. చూడటానికి కొంచెం అలా ఉంటుందిలెండి."

ఆవిడ నోరు తెరిచింది. ఆ నోట్లోంచి ముప్ఫై ఒక్క ఏళ్లది ఒక్కసారిగా రాబోతోందని మామకి తెలిసిపోయింది. మూలనుంచే కళ్లతో దణ్ణం పెట్టాడు. ఆవిడ నోరు మూసుకుంది. పెన్షను ఇద్దరిదీ కదా.

వెళ్లిపోతూ గుమ్మం దగ్గర మామ పక్కన ఆగి, చెప్పు సర్దుకుంటున్నట్టు వంగి అంది: "ఎలా తెస్తారో నాకనవసరం. మా అమ్మ నలభై ఏళ్లు కష్టపడిన రాయి. వాడకం తెలియదని రాసినచోట దాన్ని వదిలేసి నేను చావను."

ఆఖరివారం చార్జి అప్పగింత మొదలైంది. మామ స్థానంలోకి చిత్రకళ మ్యూజియం నుంచి బదిలీ మీద ఒకావిడ వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. జుట్టు బిగించి ముడేసుకున్న మనిషి. దేన్నీ నమ్మని చూపు. నంబరు చదవడం, చూడటం, టిక్కు పెట్టడం. నలభై దాకా వచ్చారు. మామ జాబితా మూసేశాడు.

"ఏంటన్నయ్యా, ఆపేశారు?"

"అమ్మా, నలభై ఒకటి ఉంది చూశావూ..."

"పొత్రం. నిన్న గదిలోకి రాగానే చూశాను. ఎవరింటిది?"

మామ గుమ్మం వైపు ఒకసారి చూసి, తలుపు దగ్గరికి వేశాడు. తర్వాత ఉన్నదంతా చెప్పేశాడు. ఆవిడ ఆవులిస్తూ వింది.

"దీనికే ఇంత చెమటలు పట్టాయా? మా మూడో హాల్లో చేతిలో పువ్వున్న దొరసాని పటం ఉంది చూడండి, అసలుది చెదలు తినేసింది. అక్కడున్నది మా మరిది గీసింది. చరిత్ర మ్యూజియంలో మహారాజుగారి పాదరక్షలున్నాయే, అవి అక్కడి వాచ్‌మన్ మామగారివి. ఆయన ఏటా వచ్చి చూసుకుని, మెరుగుపెట్టి పోతాడు. సరే, మీది మీరు తీసుకెళ్లండి. మా ఇంట్లో ఒకటి ఊరికే పడుంది. కాకపోతే కొంచెం పొడుగు."

"పొడుగంటే పట్టుబడిపోతామమ్మా! ఎదురుగా ఫొటో ఉంది. ఆ పరిశోధకుడు భూతద్దం పెట్టి చూస్తాడు."

ఆవిడ మామ వైపు అదోలా చూసింది. "అన్నయ్యా, అది ఆకారం మార్చుకుంటుందని ఊరంతటికీ చెప్పింది ఎవరు?"

మామ జాబితా మళ్లీ తెరిచి నలభై ఒకటికి టిక్కు పెట్టాడు.

సోమవారం మ్యూజియానికి సెలవు. గాజు పెట్టెల్ని లోపలినుంచి తుడిచే రోజు. క్యూరేటరు పేపరు చదువుకుంటూ తలెత్తకుండా తన తాళం బల్లమీదికి తోశాడు. "తుడిచేసి ఇచ్చెయ్." అయిదు నిమిషాల పని. కొత్తావిడ రాయి లోపలికి, మామ భార్య రాయి క్యారియరు సంచిలోకి. కొత్త రాయి అడుగున '41' ముదురు వంగపండు రంగులో ఉంది. కొత్తావిడ గోళ్లకి ఆ రంగే వేసుకుంటుంది మరి.

గేటు దగ్గర కాపలావాడు సంచి అందుకుని తూలాడు. "ఏంటి మామా, ఇంత బరువు?"

మామకి అబద్ధం నోటికి అందలేదు. "మా ఆవిడ పొత్రం."

"మ్యూజియానికి పొత్రమెందుకు తెచ్చావు?"

"ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆవిడా అదే అడుగుతోందయ్యా."

కాపలావాడు పడీపడీ నవ్వి గేటు తీశాడు.

రాయి ఇంటికైతే చేరింది గానీ ఆవిడ దాన్ని రోట్లో పెట్టలేదు. తువ్వాలులో చుట్టి బియ్యం డబ్బా వెనక దాచింది. "పెన్షను కాగితం చేతికి రానివ్వండి. రేపు వాళ్లు పట్టుకుంటే తిరిగివ్వాల్సొస్తుంది. ఒకసారి నూరాక నేను ఇవ్వలేను."

గురువారం మామ ఆఖరిరోజు. హాల్లో వీడ్కోలు సభ. మామ కొత్త చొక్కా వేసుకుని దండ కోసం మెడ చాచి కూర్చున్నాడు. పరిశోధకుడు ఇంకా రాలేదు. వీడ్కోలుకి ముందు రాయిని ఒకసారి కొలిచి వస్తానని తాళాలు రెండూ పట్టుకుని అయిదో గదికి పోయాడట. బల్లమీద పెన్షను కాగితం ఉంది. క్యూరేటరు కలం మూత తీశాడు.

అంతలో వరండాలో కేక వినిపించింది. పరిశోధకుడు కొలత పట్టీ చేత్తో పట్టుకుని, ఒక కాలికే చెప్పుతో పరిగెత్తుకొచ్చాడు.

"సార్! మారిపోయింది!"

క్యూరేటరు కలం గాల్లో ఆగిపోయింది. "ఏది మారిపోయింది?"

"రాయి సార్! నాలుగు సెంటీమీటర్లు పెరిగింది! అడుగు రంగు ముదిరింది! పెచ్చు... సార్, పెచ్చు మానిపోయింది!"

మామ కళ్లు మూసుకున్నాడు. కళ్ల ముందు ఫారం కనిపించింది, గడితో సహా. తెరిచేసరికి పరిశోధకుడు క్యూరేటరుని కావలించుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"నేను బతికుండగా చూస్తాననుకోలేదు సార్. అరవై ఏళ్లలో జరిగేది ఒక్క వారంలో! ఎందుకంటారు? ముప్ఫై ఒక్క ఏళ్లు కనిపెట్టుకుని ఉన్న మనిషి వెళ్లిపోతున్నాడని దానికి తెలిసింది సార్!"

క్యూరేటరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆడవాళ్ల వరసలో కొత్తావిడ పమిట నోట్లో కుక్కుకుంది. అందరూ ఏడుస్తోందనుకున్నారు. క్యూరేటరు సంతకం పెట్టి, కాగితం మామ చేతిలో పెట్టి, దాంతోపాటు చట్రం కట్టిన పెద్ద ఫొటో బహుమతిగా ఇచ్చాడు. నలభై ఒకటో నంబరు పాత రూపం, కింద లేబులుతో సహా.

"ఇక ఈ రూపం మళ్లీ ఎవరికీ కనిపించదయ్యా. నీ దగ్గరే ఉండాలి."

"ఉంటుంది సార్" అన్నాడు మామ. ఉద్యోగంలో అంత నిజాయితీగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు.

శుక్రవారం పొద్దున్న పదింటికి, మ్యూజియం తలుపులు తీసే వేళకి, మామ అలవాటు కొద్దీ స్నానం చేసి తల దువ్వుకుని ఇంట్లో ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాడు. వంటింట్లో ఆవిడ తువ్వాలు విప్పింది. గుప్పెడు వెల్లుల్లి రెబ్బలు రోట్లో పోసింది. రాయి మీద చెయ్యి వేసింది.

"ముట్టుకోవద్దు!"

ఇల్లు అదిరింది. ఆవిడ రాయి ఎత్తిపట్టుకుని మెల్లగా వెనక్కి తిరిగింది.

"ఏమన్నారు?"

"అది... నేను కాదే. గొంతు దానంతటదే..."

"దీనికి ఒక్క పెచ్చే ఊడింది. రెండోది కావాలా?"

మామ అరడుగు వెనక్కి జరిగి, చేతులు వెనక్కి కట్టుకుని, తలుపు వారగా నిలబడ్డాడు. ఆవిడ నూరింది. మొదటి దెబ్బకే వెల్లుల్లి నలిగి ఘాటు ఇల్లంతా కొట్టింది. ఆవిడ కళ్లు చెమర్చాయి. ఘాటుకో మరి దేనికో, మామ అడగలేదు. ఫొటో అప్పటికే వంటింటి గోడకి ఎక్కింది. లేబులు మీద 'తెలియదు' అన్న మాట బొగ్గుతో కొట్టేసి ఉంది. దాని పక్కన 'వెల్లుల్లి' అని ఆవిడ దస్తూరీ.

ఘాటు గోడ దాటిందేమో, పక్కింటావిడ గుమ్మంలోంచి తొంగిచూసింది. "అబ్బ, ఎంత నునుపుగా ఉందో! ఎక్కడ కొన్నావు వదినా? ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వు..." అంటూ చెయ్యి చాపింది.

"ముట్టుకోవద్దు!" అన్నారు మొగుడూ పెళ్లాం ఒక్క గొంతుతో.